శాకాహార పగడం

నల్లగొండలో గడియారం స్తంభానికి కాస్త ఇవతల ఒక దుకాణం ఉంది. పూజ సామాను, జాతి రాళ్ళు, పెళ్ళి పూసలు అమ్ముతారు. మొన్న వాన పట్టుకుంటే తలదాచుకుందామని దాని మెట్లెక్కాను. తలెత్తి చూస్తే అదే బోర్డు. పాత రంగు వెలిసిపోతే మళ్ళీ వేయించినట్టున్నారు, అక్షరాలు తళతళమంటున్నాయి. "మా వద్ద శుద్ధ శాకాహార పగడములు మాత్రమే లభించును." పక్కన బిస్కెట్ పొట్లం మీద ఉన్నట్టు ఆకుపచ్చ చుక్క. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వానలోనే దిగి బస్టాండు దాకా నడిచిపోయాను.

పగడం రాయి కాదు. సముద్రం అడుగున బతికే ఒక జీవి తన కోసం కట్టుకున్న ఎముక, మా మాటలో బొక్క. దాంట్లో శాకాహారమేమిటి, నా తలకాయ! ఈ ముక్క ఊరందరికీ చెప్పబోయి, చివరికి ఆ బోర్డు పుట్టడానికే కారణమైన మనిషి మా పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క. నల్లగొండలో ఆడపిల్లల సర్కారు కాలేజీలో జువాలజీ చెప్పేది. మా ఇళ్ళల్లో మనిషి పోతే, కట్టెల మీదికి ఎక్కించే ముందు నోట్లో బంగారు తునక, ముత్యం, పగడం పెడతారు. తనకు మాత్రం ఆ పగడం పెట్టొద్దని పెద్దమ్మ కోరింది. పేరు మీద అన్నదానం చేయమనలేదు, ఫొటోకు దండ వేయమనలేదు. అదొక్కటే అడిగింది. ఆ కోరిక ఏమైందో చెప్పేలోపు నా నోట రెండు మాటలు ఎక్కువ దొర్లితే ఏమనుకోవద్దు.

ఆమెను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది చేతులు. ఎవరు నమస్కారం పెట్టినా వాళ్ళ చేతులు అందుకుని, "బాగున్నవా బిడ్డా" అంటూనే వేళ్ళు తిప్పి చూసేది. ఉంగరంలో ఎర్ర పూస కనబడిందా, ఇక ఆ చెయ్యి వదిలేది కాదు.

"ఎవడు పెట్టుకోమన్నడు గిది?"

"అయ్యగారు చెప్పిండు మేడం. కుజదోషమున్నదట."

"దోషం నీకుంటే దాని బొక్క తెచ్చి ఏలికి పెట్టుకుంటవా? అదేం జేసింది నిన్ను? నీ నోట్ల మన్ను వడ!"

నోట్లో మన్ను పడడం ఆమె ఊతపదం. కోపమొచ్చినా అదే, ముద్దొచ్చినా అదే. పరీక్ష తప్పిన పిల్లనూ, మొదటి తరగతిలో పాసైన పిల్లనూ ఆ ఒక్క తిట్టుతోనే పలకరించేది. ఉంగరాల వాళ్ళు మాత్రం ఆమె ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగేవారు. తప్పించుకోవడం కుదరకపోతే రాయిని అరచేతి వైపు తిప్పుకుని, పిడికిలి బిగించుకుని నమస్కారం పెట్టేవారు. ఆమె కొడుకు, నాకు అన్న, ఆయనదీ అదే తంతు. ఇంటి గేటు దగ్గర కారు దిగుతూనే ఉంగరం తిప్పుకునేవాడు. తల్లికి తెలియదా? తెలుసు. కొడుకు ఆ మాత్రం భయపడుతున్నాడు కదా అని ఊరుకునేదేమో.

పెళ్ళిళ్ళలో ఇంకా రభస. అక్షింతలు వేయడానికని మండపమెక్కి, పెళ్ళికూతురి పుస్తెలతాడు వేలితో ఎత్తి, పుస్తెల పక్కన గుచ్చిన పగడాలు చూసి, పిల్ల తల్లిని అడిగేది: "ప్లాస్టికా, అసలుదా?" పెళ్ళింట్లో అడగాల్సిన మాటేనా అది!

"అసలుదే మేడం! మేమేమన్న గంత కక్కుర్తోళ్ళమా?" అని ఆ తల్లి మండిపడేది.

అంతే. పెద్దమ్మ అన్నం ముట్టకుండా ఆటో ఎక్కేది. మటన్ అంటే పడిచచ్చే మనిషి, ఆ వాసన మీదుగా నడిచి వెళ్ళిపోయేది. అదే ఏ పేదింటి తల్లో సిగ్గుపడుతూ "ప్లాస్టిక్‌దే మేడం, ఎవరికి చెప్పకుండ్రి" అంటే ఆమె మొహం చూడాలి. "నీ కడుపు సల్లగుండ తల్లీ! ఒక జీవిని కాపాడినవ్" అని పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి దీవించి, బంతిలో కూర్చుని ముక్కలు మారు వేయించుకుని తినేది. పాపం, ఆ తల్లికి ఇది పొగడ్తో ఎగతాళో తెలిసేది కాదు.

అనుమానం వస్తే సంచిలోంచి నిమ్మబద్ద తీసేది. అసలు పగడం మీద పులుపు పడితే సన్నగా బుడగలొస్తాయి, ప్లాస్టిక్ మీద రావు. కానీ పెళ్ళి మండపంలో నిమ్మకాయ బయటికి తీసిన ఆడమనిషిని మన జనం ఏమనుకుంటారు? ఒకచోట "మంత్రాలామె వచ్చింది" అని గుసగుసలు పోయారు. అదే మండపంలో పిల్లవాడి కుజదోషానికి పూజ జరుగుతోంది, అది మంత్రం కాదట! జువాలజీ చెప్పే మనిషి మంత్రాలామె అయింది. ఇప్పుడు తలుచుకున్నా ఆ పెళ్ళివాళ్ళను పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది.

ఆమెకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, పట్టుకుంది సముద్రంలోనే. మోత్కూర్ దగ్గర పల్లెలో గొర్లమంద వెనక పెరిగిన పిల్ల. చదువుకునే రోజుల్లో కేరళ తీరం నుంచి ఒక పరిశోధన ఓడ ఎక్కే వీలు దొరికింది. సముద్రం చూడడమే అప్పుడు మొదలు. ఆ ముచ్చట జొన్నరొట్టె కొడుతూ చెప్పేది. కోపం వచ్చే చోట దెబ్బ గట్టిగా పడి రొట్టె చినిగేది.

"వల పైకొచ్చిందిరా. గంత బరువు. ఒంపంగనే అన్ని తెల్లటి కొమ్మలు, మన గుట్ట మీది రేగుపొద లెక్క. ప్రతి కొమ్మను ఏదో ఒకటి పట్టుకోనున్నది. పీతలు, నక్షత్ర చేపలు, దారంతోటి కట్టినట్టు సొరచేప గుడ్ల సంచులు. ఆడికి ఎండ పోదు. మంచు లెక్క సల్లగుంటది. పైనుంచి రాలిన ఎంగిలి మెతుకులు తినుకుంట, ఎన్ని తరాల సందో గట్ల పెరిగింది ఆ పొద. మరి వీళ్ళేం జేసిన్రు? చేపలేరుకున్నరు. మిగిలినదాన్ని పారతోటి ఎత్తి సముద్రంల గుమ్మరిచ్చిన్రు. అప్పటికింక పాణమున్నదిరా దానికి! నా చేతుల ముడుసుకున్నది."

"మరి ఎర్ర పగడం గూడ గంత లోతుకెల్లేనా పెద్దమ్మా?"

"అది దీని సుట్టమే. శానా లోతుల ఉంటది. ఇనుప దూలానికి వలలు కట్టి అడుగుపొంటి ఈడుస్తరు. దొరికింది కొంత, నుగ్గయింది అంత. ఒక పూస జొన్నగింజంత లావు గావాలంటే మనిషి పుట్టి ముసలైపోవాలె. మా బాపు మేకలకు మండలు కొట్టుకుంట, 'మండ గొట్టు బిడ్డా, మొదలు గొట్టకు' అంటుండె. వీళ్ళు మొదలే పీకుతున్నరు."

ఆ ఓడలోంచి తెచ్చుకున్న తెల్ల కొమ్మ ఒకటి కాలేజీ మ్యూజియం అల్మారాలో ఉండేది. ప్రతి ఏడూ కొత్త పిల్లల ముందు ఆ కొమ్మ ముక్కనూ, కడిగి ఆరబెట్టిన మేక బొక్క ముక్కనూ పక్కపక్కన పెట్టి, "ఇండ్ల బొక్క ఏది?" అని అడిగేది. పిల్లలు ఏదో ఒకటి చూపించేవారు. "రెండు బొక్కలే. మీ నోట్ల మన్ను వడ, రాసుకోండ్రి" అనేది. ఆమె పాఠం అలా మొదలయ్యేది.

తెలంగాణ వచ్చింది. ఉద్యమంలో నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పులో గరిటె తిప్పిన మనిషి ఆమె. రాష్ట్రం వచ్చిన నాడు కాలేజీ ముందు పిల్లలతో కలిసి గులాల్ చల్లుకుని ఎగిరింది. కొన్నాళ్ళకు ప్రిన్సిపాల్ మ్యూజియంలోకి వచ్చి అల్మారా చూసి, మెల్లగా అన్నాడట:

"మేడం, సముద్రమైతే ఆంధ్రోళ్ళకు పాయె. మనకు తీరమే లేకపాయె. ఇంక గీ శంఖాలు, పగడాలు మనకెందుకు? తీసేసి మన జింకలు, మన పాలపిట్టలు పెడదాం."

విన్నారా! సముద్రం పంపకాల్లో అవతలి వాటాకు పోయిందట. పెద్దమ్మ ఆయన చెయ్యి అందుకుంది.

"అన్నదమ్ములు బర్రెను పంచుకున్నట్టు సముద్రాన్ని పంచుకున్నరా సార్? సరే, పోయిందనుకుందాం. మరి మీ ఏలికున్నది ఎక్కడ పండింది? దేవరకొండల పండిందా, అచ్చంపేటల పండిందా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే అల్మారా ఖాళీ అయింది. దాంట్లో ఆటల పోటీల కప్పులు పెట్టారు. పెద్దమ్మ తన కొమ్మను కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

అమ్రాబాద్ అడవుల్లో యురేనియం తవ్వకాలు వద్దని అచ్చంపేటలో ఒక సభ పెడితే, రిటైరైన మనిషి, మోకాళ్ళ నొప్పులతో బస్సు మీద పోయింది. నేనూ వెంట ఉన్నాను. మైకు ఇచ్చారు. పులి గురించి రెండు మాటలు చెప్పి, నేరుగా సముద్రం అడుగుకు దిగింది. "అడివి కాలితే పొగన్న కనవడ్తది. గా చీకట్ల అడివిని దున్నుతాంటే ఎవరు జూస్తరు?" అన్నదో లేదో, నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, "అమ్మా, జర టాపిక్ మీద మాట్లాడుండ్రి" అని మైకు అందుకున్నాడు. "గిదే టాపిక్ బిడ్డా" అన్నది. అప్పటికే వైరు పీకేశారు. అడవిని కాపాడే సభలో కూడా అడవి అంటే మన జిల్లాలో ఉండాలి, మన కంటికి కనబడాలి, లేకపోతే అది అడవి కాదు.

ఇక ఆ దుకాణం. సేటు నెమ్మది మనిషి, కోడిగుడ్డు వాసన కూడా పడనివాడు. రిటైరయ్యాక పెద్దమ్మ రోజూ సాయంత్రం పోయి అతని మెట్ల మీద కూర్చోసాగింది. పక్కింటావిడలా ముచ్చట పెట్టేది.

"సేటూ, మీ ఇంట్ల గుడ్డు గూడ రానియ్యరు గదా?"

"రామ రామ! అసలే రానియ్యం మేడం."

"మరి అద్దాల పెట్టెల గిన్ని బొక్కలు పెట్టుకోని ఎట్ల కూసున్నవయ్యా, నాకు సమజైతలేదు."

కొనడానికి వచ్చిన వాళ్ళు ఆ మాట విన్నారు. ఒకావిడ మెడలో పగడాల దండ తీసి కాగితంలో చుట్టి, చేతులు కడుక్కుంటానని నీళ్ళు అడిగింది. మాట ఊళ్ళో పాకింది. మాంసం ముట్టని ఇళ్ళన్నీ పగడమంటే మొహం తిప్పుకున్నాయి. పెద్దమ్మ మటన్ పొట్లం పట్టుకుని కట్టంగూర్‌లో మా ఇంటికి వచ్చింది. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాకా అరుగు మీదే కూర్చుని, నన్ను చూడగానే "గెలిసినరా బిడ్డా!" అన్నది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత ఆ బోర్డు లేచింది.

పూసలు అవే, పెట్టె అదే, సేటు అతనే. "సేటూ, ఏందయ్యా ఇది?" అని అడిగితే అతను ఎంతో మర్యాదగా చెప్పాడు. "మీరే గద మేడం, జీవి అన్నరు. మా గిరాకీకి పట్టింపు ఎక్కువ. అందుకే అయ్యగారిని పిలిచి అన్నింటికి శుద్ధి చేయించిన. ఇప్పుడది శాకాహారం." సూర్యాపేట నుంచీ, మిర్యాలగూడ నుంచీ జనం వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. దున్నపోతు మీద వాన పడ్డట్టు అంటారు. తప్పు. దున్నపోతు కనీసం తడుస్తుంది. మనం ఆ వానలో గొడుగుల దుకాణం పెట్టుకుంటాం.

ఆ రోజు నాతో కట్టంగూర్ వస్తూ బస్సులో ఆమె ఎవరినీ తిట్టలేదు. "నా పాఠం ఆని యాపారానికి అక్కెరకొచ్చిందిరా" అని కిటికీ వైపు తిరిగింది.

అన్న సంగతి చెప్పాలి. ప్లాట్ల వ్యాపారం. గుట్ట చదును చేసి, రాళ్ళు పాతి, ముగ్గు పోసి అమ్ముతాడు. ఇల్లు మొదలుపెట్టే ప్రతి గుంతలో నవరత్నాల పొట్లం వేయిస్తాడు, దాంట్లోనూ ఒక పగడపు తునక ఉంటుంది. దీని మీద తల్లీకొడుకులు కొట్లాడని పండుగ లేదు. కానీ తల్లంటే ప్రాణం. ఆమె తుమ్మితే హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయేవాడు. ఆమె నమ్మినదాన్ని మాత్రం ఒక్కనాడూ నమ్మలేదు. ముసలితనం, ఏదో అంటుందిలే అనుకున్నాడు.

పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, పోయినప్పుడు ఆయన నోట్లో పగడం పెట్టారు. పదకొండో రోజు చుట్టాలు లేచి వెళ్ళాక అన్ననూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇద్దరు ఇనుండ్రి. రేపు నేను సచ్చినంక నా నోట్ల గది పెట్టకుండ్రి. ఏం పెట్టకుంటే మీకు మనసొప్పకపోతే, మోత్కూర్ మన్ను ఇంత పోయుండ్రి. పగడం మాత్రం పెట్టకుండ్రి. ఆయన నోట్ల పెట్టంగ సూడలేక సచ్చిన."

"సరే తీయమ్మా, ఇప్పుడేం ముచ్చట గది" అన్నాడు అన్న.

సరే అన్నాడు. నా చెవులతో విన్నాను.

పోయిన ఎండాకాలం ఆమె పోయింది. వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం అయింది, పసుపు పెట్టారు. అయ్యగారు ముత్యం, పగడం అడిగాడు. అన్న జేబులోంచి పొట్లం తీశాడు. దాని మీద ఆకుపచ్చ చుక్క.

"అన్నా, వద్దన్నది గద. నీ ముందటనే అన్నది."

"ఊకో తమ్మీ. అందరికి పెట్టేది మా అమ్మకు పెట్టకుంటే, దిక్కులేనిదాని లెక్క పంపియ్యాల్నా?"

"పోనీ, ప్లాస్టిక్‌దన్న తెచ్చినవా?"

ఆ మాటకు అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏం మాటరా అది? మా అమ్మకు నకిలీది పెడ్తనా? దుకాణంల ఉన్నదాంట్ల అన్నిటికంటె పెద్దది, అసలుది తెచ్చిన. శాకాహారందే తెచ్చిన, అమ్మ మనసుకు బాధ గావొద్దని."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తల్లి మాట దక్కించాననుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చుట్టాలు నన్ను రెక్క పట్టి పక్కకు లాగారు, శవం దగ్గర కొట్లాట ఏందని బుద్ధులు చెప్పారు. ఆమె చెప్పిన బుద్ధి ఒక్కటీ వినని నోళ్ళు అవి. అన్న వంగి, ఏడుస్తూ, తన చేతులతోనే ఆ ఎర్ర పూస ఆమె పెదవుల మధ్య పెట్టాడు. పెట్టిన వేలికి ఉంగరం ఉంది. ఇక తిప్పుకోవాల్సిన పని లేదనుకున్నాడేమో, రాయి బయటికే ఉంది.

మూడో రోజు బొక్కలు ఏరడానికి పోయాం. నీళ్ళు, పాలు చల్లి బూడిద పక్కకు జరిపారు. అన్న వంగి ఒక్కొక్కటే ఏరి కుండలో వేస్తున్నాడు. కరిగి ముద్దయిన బంగారపు తునక దొరికింది. పగడం కూడా దొరికితే కుండలో పైన పెట్టాలని వెతకడం మొదలుపెట్టాడు.

"గంత పెద్దది పెట్టిన గదరా, ఎటుపాయె? ఎర్రగ యాడ కనవడ్తలేదు."

"ఎర్రగ ఎట్లుంటదన్నా? బొక్క కాలితే తెల్లగనే అయితది" అన్నాను.

అన్న వేళ్ళు ఆగిపోయాయి. తల ఉన్న చోట బూడిదలోంచి రెండు చిన్న తెల్ల ముక్కలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు. బొటనవేలితో మెల్లగా దొర్లించి మళ్ళీ చూశాడు.

"తమ్మీ, గిండ్ల అమ్మ ఏదిరా?"

నాకు జాలి కలగలేదు. కలగాల్సింది, కలగలేదు. "నీ నోట్ల మన్ను వడ అన్నా" అన్నాను. పెద్దవాడిని ఏనాడూ పల్లెత్తు మాట అననివాణ్ణి. ఆయన రెండు ముక్కలూ కుండలో వేసి గుడ్డ కట్టాడు.

వాడపల్లి దాకా కుండను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మెట్ల మీద ఆగి, చొక్కా విప్పి నాకిచ్చి, కుండ ఎత్తుకోబోతూ అన్న ఒక్క క్షణం తన చెయ్యి చూసుకున్నాడు. ఉంగరం తీసి నీళ్ళలో పారేస్తాడేమో అనుకున్నాను. తియ్యలేదు. రాయిని అరచేతి వైపు తిప్పుకుని, తల్లిని ఎత్తుకుని నీళ్ళలోకి దిగాడు.